డెబ్బై ఏళ్ల ఉత్తరం

బైబిల్లో నేత ప్రస్తావన ఎక్కడెక్కడ ఉందో వెతకమని సూరత్‌లోని మన తెలుగు మగ్గం పనివాళ్లకు చెప్పి చూడండి. లింబాయత్, ఉధనా ఇళ్లలో ఇంతకంటే ఇష్టంగా చదివే అంశం ఉండదని నా నమ్మకం. యోబు 7లో నాడె వేగం, యెషయా 38లో మగ్గం మీంచి కోసేసిన గుడ్డ. రోజూ తాకా, అంటే నేసిన గుడ్డను, కోసి దించే చేతులకు ఆ మాట ఎవరూ వివరించనక్కర్లేదు.

అంశాలవారీ అధ్యయనంలో ఆనందం అదే, చెదిరి ఉన్నవి ఒకచోట చేరతాయి. ప్రమాదమూ అక్కడే ఉంది. ఈ రెంటినీ ‘ఆయుష్షు అల్పం’ అని ఒకే శీర్షిక కింద రాసుకుని పుస్తకం మూసేస్తాం. నాడె మాట యోబు ఒళ్లంతా పుండ్లతో కుమిలిపోతూ అన్నది. యెషయా 38లోని మాటను హిజ్కియా రాజు రోగం నయమయ్యాక రాసుకున్నాడు. ఇంకాస్త చదివితే బతికినన్నాళ్లూ దేవుని మందిరంలో పాడతానంటాడు. ఇలా ముక్కలుగా చదవడానికి వీలిచ్చిన అధ్యాయాలు 13వ శతాబ్దంలో, కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచనాల అంకెలు 1551లో వచ్చాయి. రాసినవాళ్లు ముక్కలుగా రాయలేదు.

వాగ్దానాల విషయంలోనూ ఇదే జరుగుతుంది. డిసెంబర్ 31 రాత్రి కొత్త ఏడాదికి ఒక వచనం రాసిన వాగ్దానం కార్డు తీసుకునే మనవాళ్లకు, మేలైన భవిష్యత్తు ఇస్తానన్న యిర్మీయా 29:11 కంఠతా వచ్చు. అది బబులోనుకు చెరపోయినవాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి పంపిన ఉత్తరంలోది. ఆ ముందు వచనంలోనే తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లని ఉంది. అంటే ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది మళ్లీ సొంతూరు చూడరు. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని 28వ అధ్యాయంలో చెప్పిన హనన్యా అబద్ధ ప్రవక్త. మరి యిర్మీయా ఏం చేయమన్నాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, ఆ పరాయి పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు.

సందర్భంలో పెడితే వాగ్దానం చిన్నబోతుందని కొందరి భయం. నేనలా అనుకోను. కార్డు మీద అది ఒకరి ఉద్యోగానికో, ఇంటి లోనుకో సరిపోతుంది. ఉత్తరంలో అది తరాలను నిలబెడుతుంది. తెలంగాణ నుంచి వచ్చి, ఇక్కడే మనవలను ఎత్తుకున్న కుటుంబాలకు అంతకంటే దగ్గరి మాట ఏముంది?

ఆ మాట పిల్లలకూ అందాలి. గుజరాతీ బైబిల్‌ను 1820లలో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన స్కిన్నర్, ఫైవీ అచ్చువేసింది ఈ సూరత్‌లోనే. మీ పిల్లలకు తెలుగు చదవడం రాకపోతే గుజరాతీ ప్రతి ఇవ్వండి. ఈ ఆదివారం యిర్మీయా 28, 29 అధ్యాయాలు రెండూ మొదటి నుంచి చివరిదాకా, పెద్దలు తెలుగులో, పిల్లలు గుజరాతీలో, పైకి చదవండి. కలిపి నలభై తొమ్మిది వచనాలే.