వదిలే చెయ్యి

అండమాన్‌లోని హేవ్‌లాక్ జెట్టీ మీద ఐదు కాకముందే వెలుతురు వచ్చేస్తుంది. గడియారం మనదే, పొద్దు మాత్రం మనకంటే ముందు పొడుస్తుంది. 2018 చివర్లో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చినా పడవలవాళ్ల నోట అది ఇంకా హేవ్‌లాకే. సరంగు నాతో హిందీలో మొదలుపెట్టి, నేను ఫోన్లో మాట్లాడుతుంటే విని ఆగాడు. “ఏ ఊరు బాబూ మీది?” భీమిలి అన్నాను. “మా తాతది కళింగపట్నం పక్క. మేం జంగ్లీఘాట్‌లోనే పుట్టినాం” అన్నాడు. జంగ్లీఘాట్ అంటే పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) చేపల రేవు. అక్కడ తెలుగు వినాలంటే వెతకనక్కర్లేదు.

మేం వెళ్లింది పార చేప కోసం. పారల్లో అన్నిటికన్నా పెద్దది జయంట్ ట్రెవల్లీ, పడవ మీద జీటీ అంటారు. గేలానికి పడ్డవాటిలో ప్రపంచ రికార్డు 72.8 కిలోలు, 2006లో జపాన్‌లోని తోకారా దీవుల దగ్గర. సీషెల్స్‌లో ఇది నీటిలోంచి పైకెగిరి సముద్రపు పక్షుల్ని నోట కరుచుకోవడం బీబీసీ వాళ్లు 2017లో చూపించారు. ఇంతటి చేపను పిలవడానికి ఎర కూడా అక్కర్లేదు, చప్పుడు చాలు. పాపర్ అనే బొమ్మచేపకి మూతి దగ్గర గిన్నెలా గుంట ఉంటుంది. దూరంగా విసిరి కర్రను ఒక్క గుంజు గుంజితే ‘బుడుంగ్’మని నీళ్లు చిమ్ముతుంది. మళ్లీ చుట్టడం, మళ్లీ గుంజడం. ఒక్కోసారి పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా విసిరినా నీళ్లలో కదలిక ఉండదు.

ఎక్కడ విసరాలో మాత్రం సరంగుకే తెలుసు. పగడపు దిబ్బ అంచున లోతు ఒక్కసారిగా పడిపోయే చోట, నీటి ఒరవడి దిబ్బకి కొట్టుకుని సుడి తిరుగుతుంది. చిన్న చేపలు అక్కడ తడబడతాయి, పార అక్కడ కాపు కాస్తుంది. పోటు పాటుకి తిరిగే వేళ చూసి ఒరవడికి ఎగువన ఇంజను ఆపి, పడవని దానంతటదే జారనిస్తాడు. రాణీ ఝాన్సీ సముద్ర జాతీయ పార్కు హద్దు దరిదాపులకి కూడా పోనివ్వడు. సోనార్ తెరపై చుక్కలు చూసి నేర్చింది కాదిది. తాత వల దింపడానికి వాడిన తెలివే.

అయితే నేను ఈ వారం రాయాలనుకున్నది పట్టడం గురించి కాదు.

కొన్నేళ్ల కిందట, వేరే పడవలో, నాతో వచ్చినతనికి పెద్ద పార పడింది. సన్న దారం, తేలిక కర్ర. “అదే అసలైన ఆట” అన్నారు. ముప్పావు గంట పోరాడాడు. పైకి తెచ్చి, మొప్పల్లో కొక్కెం పెట్టి తూకానికి వేలాడదీశారు. ఒకరి తర్వాత ఒకరు పక్కన నిలబడ్డారు. కెమెరా నా చేతిలోనే ఉంది. తర్వాత “వదిలేస్తున్నాం” అని పడవ అంచు మీదినుంచి జారవిడిచారు. చేప వెల్లకిలా తిరిగి, తెల్లటి పొట్ట పైకి పెట్టి, మా వెనక తేలుతూ ఉండిపోయింది. పడవ వెళ్లిపోయింది. ఆ ఫొటోలు నా దగ్గర ఇంకా ఉన్నాయి, ఎవరికీ చూపించలేదు.

సన్నదారం గొప్పతనం ఎక్కడ పుట్టిందో తర్వాత చదివాను. అదీ ఒక విహార ద్వీపమే, కాలిఫోర్నియా దగ్గరి కాటలీనా. 1898లో చార్లెస్ హోల్డర్ అక్కడ 183 పౌన్ల సూరని కర్రా రీలుతో పట్టి, ట్యూనా క్లబ్ పెట్టాడు. చేతితాళ్లతో లెక్కలేకుండా లాగిపారేస్తున్న రోజుల్లో, చేపకీ తప్పించుకునే అవకాశం ఉండాలన్నది ఆ పెద్దమనిషి పట్టుదల. ఆ కాలానికి అది ధర్మమే. కానీ అది చావబోయే చేపకి ఇచ్చిన అవకాశం. మనం బతికించి వదలాలనుకున్న చేపకి అదే సన్నదారం శిక్ష. పోరు సాగినకొద్దీ ఒళ్లు అలసి, రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది. వదిలాక ఈదలేదు, వెనకే సొర ఉంటే తప్పించుకోలేదు. బలమైన కర్ర, మందపు దారం, దారం జారకుండా బిగించిన రీలు డ్రాగ్, పది నిమిషాల్లో ముగిసే పోరు: దయ అంటే ఇక్కడ ఇదే అని నా గట్టి నమ్మకం.

ఈ సరంగు పాపర్‌కి మూడుకొక్కేల గేలం ఉంచడు. ఒంటి గేలం, దాని ముల్లు కూడా పటకారుతో నొక్కేసి ఉంటుంది. చేపని నీళ్లలోనే ఉంచి టేపుతో కొలుస్తాడు. చుట్టుకొలతని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 800తో భాగిస్తే, అన్నీ అంగుళాల్లో ఉంటే, బరువు పౌన్లలో వస్తుంది. వేలాడదీసే పనే లేదు. ఫొటోకి పైకెత్తాలంటే తడిచేతులతో, పొట్ట కింద చెయ్యేసి, ఊపిరి బిగబట్టి ఎత్తమంటాడు. “మీకు ఊపిరాడకపోతే దానికీ ఆడనట్టే బాబూ.” సూరో వంజరమో పడితే ఒకటి వంటకి ఉంచుతాడు. అందులో నాకు తప్పేమీ కనబడదు, తినడానికి పట్టడం నిజాయితీ గల పనే.

వదలడం ఎలా అలవాటైందని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. “మొదటిసారి వదిలినప్పుడు ఇంట్లో చెప్పలేదు. ఇరవై కిలోల చేప. అమ్మ తిడతాదని.” ఇప్పుడు చెప్తావా అన్నాను. “ఇప్పుడు ఆవిడే అడుగుతాది, బతికిందా అని.”

ఆ సాయంత్రం, పాటు మొదలయ్యాక నా పాపర్ దగ్గర నీళ్లు పగిలాయి. కర్ర చివర నీటిని తాకేంత వంగింది. దిబ్బవైపు మొదటి పరుగు ఆపడానికే నా ఒంట్లో బలమంతా అయిపోయింది. పార పడవ పక్కకొచ్చాక సరంగు వంగి, తోక మొదలు పట్టుకుని, తలని ఒరవడికి ఎదురుగా తిప్పాడు. నీరు నోట్లోంచి మొప్పల్లోకి పారుతోంది. “మీరు పట్టండి” అని నా చేతికిచ్చాడు. ముందు బరువుగా, చలనం లేకుండా ఉంది. తర్వాత తోక కండ బిగిసింది. మరొక్కసారి. గుప్పిట తెరిచేలోపే చెయ్యి ఖాళీ అయింది.

పొద్దు వాలుతోంది, జెట్టీ దూరం. “పద అన్నా” అన్నాను. అతను ఇంజను వెయ్యలేదు. పడవ వెనక నిలబడి, కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని, నీటి మీద ఎక్కడైనా తెల్లటి పొట్ట తేలుతుందేమోనని చూస్తూ ఉన్నాడు.