లెక్క చదివాకే ఓటు అడగాలి

ఎండాకాలం వచ్చిందంటే మా అనంతపురం పల్లెల్లో పంచాయతీ డబ్బు నీళ్ల చుట్టూనే తిరుగుతుంది. బోరు ఎండిపోతే ఇంకొకటి వేయాలి. మోటారు కాలితే వైండింగ్ చేయించాలి. ఏదీ కుదరకపోతే ట్యాంకరు తోలాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఉండే వాన, అదీ ఎప్పుడు పడుతుందో నమ్మకం లేని వాన. కాబట్టి ఈ ఖర్చు తప్పదు. రిజిస్టరులో రోజుకు నాలుగు ట్రిప్పులని రాసి ఉందనుకోండి. వచ్చినవి నాలుగో రెండో ఆడిటరుకు ఎట్లా తెలుస్తుంది? బిందెల వరుసలో నిలబడిన ఆడమనిషికి తెలుసు. అయితే ఆ రిజిస్టరులో ఏముందో ఆమెకు ఎవరూ చదివి వినిపించరు.

సర్పంచ్‌గా నిలబడే ప్రతివాళ్లూ నిజాయితీగా ఉంటామనే అంటారు. ఆ మాటను ఎవరూ కాదనరు, ఎవరూ పట్టించుకోరు కూడా. నా ఉద్దేశంలో పారదర్శకత అంటే చేతికి అలవాటు కావలసిన ఒక పని. పంచాయతీ లెక్కను పైకి చదవాలి, పనులనూ పేర్లనూ విడివిడిగా వినిపించాలి, విన్నవాళ్లు అవుననో కాదనో చెప్పేదాకా ఆగాలి. గెలిచాక చేద్దాంలే అనుకున్నవాళ్లు ఎప్పటికీ చేయరు. ఓటు అడిగే రోజునే ఈ పని మొదలుకావాలి.

ఈ పనికి మా జిల్లాలో పునాది ఉంది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. పనులను గ్రామసభే తనిఖీ చేయాలని ఆ పథకానికి ఆధారమైన చట్టం 17వ సెక్షన్ చెప్పింది. రాజస్థాన్‌లో అరుణా రాయ్, ఆమె తోటి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు 1990లలో ఊరి మధ్యన బిల్లులు, వోచర్లు చదివి వినిపించిన పద్ధతి దానికి మూలం. అదే 2006లో అనంతపురం జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. తర్వాత అది రాష్ట్రమంతా వ్యాపించింది. 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీయే ఏర్పడింది. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, చేతికిచ్చి ఇంటింటికీ పంపారు.

మస్టరును గోడకు అంటిస్తే దాని ముందు నిలబడేది నలుగురు. చదువు వచ్చినవాళ్లు చూస్తారు, రానివాళ్లు పక్కనుంచి పోతారు. అదే మస్టరును సభలో పైకి చదివితే కథ వేరు. ఫలానా ఆమె పేరున పన్నెండు రోజులు అనగానే, "యాడన్నా! ఆ వారం నేను కూతురి కాన్పుకని బళ్లారికి పోయింటి" అని ఆమే లేస్తుంది. ఆ ఒక్క మాటతో కాగితానికి సాక్షి దొరికినట్టే. చదువు రానివాళ్లను తనిఖీదారులుగా మార్చగలిగిన పద్ధతి ఇంకొకటి నేను చూడలేదు.

ఉపాధి పనులకు జరిగినది పంచాయతీ ఖర్చులకు ఎందుకు జరగకూడదు? చట్టం అడ్డం రాదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక గ్రామసభ ముందుకు రావాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము కూడా లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆర్థిక సంఘం నిధుల జమాఖర్చు ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా ఫోనులోనే చూసుకోవచ్చు. అంటే పోటీకి దిగాలనుకునే మనిషికి కావలసిన కాగితాలన్నీ నామినేషన్‌కు ముందే దొరుకుతాయి.

2021 ఫిబ్రవరిలో మా పంచాయతీలో నేనూ నామినేషన్ వేశాను. 2013లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2018లోనే ముగిసింది. ఆ తర్వాత రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారులే నడిపారు. ఊరికి జవాబు చెప్పాల్సిన మనిషే లేని కాలమది. అందుకే ఆ కాలపు కాగితాలు ముందు తీసుకున్నాను. ఇంటి పన్ను డిమాండు, వసూలు, బకాయిల రిజిస్టరు, క్యాష్‌బుక్, వోచర్లు, పనుల కొలతల పుస్తకం. వీటిని పట్టుకుని కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చే వేళకు రచ్చకట్ట దగ్గర కూర్చునేవాణ్ణి.

చదవడంలో ఒక పద్ధతి ఉందని అక్కడే తెలిసింది. లక్షల మొత్తాలు చెబితే ఎవరికీ తగలదు. ఈ వీధిలో ఈ స్తంభానికి పెట్టిన లైటుకు ఇంత అంటే అందరికీ తగులుతుంది. ఒక వీధిలో ఆ వీధి పనులే చదవాలి. చదివిన తర్వాత నోరు మూసుకుని ఆగాలి. ఎవరినీ దొంగ అనకూడదు. రెండు వర్గాలుగా చీలిన మా సీమ ఊళ్లలో ఆరోపణ చేసిన మరుక్షణం అది పార్టీల గొడవ అవుతుంది, లెక్క పక్కకు పోతుంది. గొంతు పెంచకుండా అంకె చదివి ఆగితే, ప్రశ్న ఊరిదవుతుంది. ఊరు అడిగితే జవాబు చెప్పక తప్పదు.

"లెక్కలు సరేలే అప్పా, ఓటుకు ఎంతిస్తాండావో అది చెప్పు" అని అడిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నా ఎన్నికల ఖర్చు చదివి వినిపించాను. పదివేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చుకు పరిమితి లక్షన్నర. అంతకు ఎన్నో రెట్లు పంచినవాడు ఆ డబ్బును మన ట్యాంకరులోంచి, మన బోరులోంచి తిరిగి లాక్కుంటాడని చెప్పాను. పదవిని వేలం పాడి, ఆ డబ్బు గుడికి ఇచ్చి ఏకగ్రీవం చేసే ఊళ్లదీ ఇదే దారి. ఆ ఏడాది ఏకగ్రీవాలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రభుత్వం ప్రోత్సాహకం ప్రకటించింది. ఊరు కలిసి ఉండటం మంచిదే. కానీ పోటీయే లేని చోట పాత లెక్క అడిగే సందర్భం పోతుంది, కొత్త మాట ఇవ్వాల్సిన అవసరమూ పోతుంది.

నిజాయితీగా పనిచేసే సర్పంచ్‌కు కూడా ఈ పని రక్షణే. ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద సర్దేశారని రాష్ట్రమంతా సర్పంచ్‌లు రోడ్డెక్కారు. ఖాతాలోకి ఎంత వచ్చింది, ఎంత తన చేతికి రాకుండానే పోయింది అన్నది నెలనెలా చదివే సర్పంచ్‌ను ఊరు అనుమానించదు, వెంట నిలబడుతుంది. సగం స్థానాలు ఆడవాళ్లవి. రిజిస్టరు పట్టుకుని సభలో తనే చదివే మహిళా సర్పంచ్ కుర్చీలో భర్త కూర్చోలేడు.

నేను గెలవలేదు. అయినా గ్రామసభలో ప్రతి ఓటరూ సభ్యులే కాబట్టి ఈ పని ఆగలేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. అన్ని ఊళ్లను ఒకేరోజు కూర్చోబెట్టగలిగిన ప్రభుత్వం, ఆ సభల్లో గత ఏడాది వోచర్లు చదవడం తప్పనిసరి చేయగలదు. చేయాలి.

పంచాయతీ బరిలోకి దిగేవాళ్లకు నా మనవి: కరపత్రం అచ్చు వేయించక ముందే మీ ఊరి మూడేళ్ల లెక్క తీసుకోండి, వీధి వీధినా చదవండి, మీ సొంత ఖర్చునూ దాంతో పాటే చదవండి. ఓటర్లకు ఇంకో మనవి: ఓటు అడగడానికి వచ్చిన మనిషి చేతికి ఒక నెల క్యాష్‌బుక్ నకలిచ్చి చదవమనండి. చదివి, మీరు అడిగినదానికి నిలబడి జవాబు చెప్పినవాళ్లకే ఓటు వేయండి.