పరుగెత్తే కెమెరా, తిరిగిరాని బోరిస్

1950లో విడుదలైన సోవియట్ సినిమా 'ఫాల్ ఆఫ్ బెర్లిన్' చివర్లో స్టాలిన్ బెర్లిన్‌లో విమానం దిగుతాడు. యుద్ధంలో విడిపోయిన ప్రేమికులిద్దరూ అక్కడి జనంలోనే ఒకరికొకరు దొరుకుతారు. ఆ యుద్ధం రెండున్నర కోట్లకు పైగా సోవియట్ ప్రజలను పొట్టన పెట్టుకుంది. అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లలోని ఏడుపుకు మాత్రం అలాంటి తెర మీద చోటు లేదు. 1953లో స్టాలిన్ పోయాడు. 1956లో పార్టీ మహాసభలో క్రుశ్చేవ్ అతని నేరాలను బయటపెట్టాడు. ఆ మరుసటి ఏడే దర్శకుడు మిఖాయిల్ కలతోజొవ్ 'ది క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్' వచ్చింది. ఇందులో యుద్ధానికి వెళ్లిన ప్రియుడు బోరిస్ తిరిగి రాడు. ప్రియురాలు వెరోనికా వేరొకరిని పెళ్లాడుతుంది, అయినా బోరిస్ కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది.

విక్టర్ రోజొవ్ తన నాటకం నుంచే ఈ కథ రాశాడు. దాన్ని నాటకం పోలికలేవీ లేని సినిమాగా మార్చినవాడు ఛాయాగ్రాహకుడు సెర్గెయ్ ఉరుసెవ్‌స్కీ. యుద్ధకాలంలో ఆయన ముందువరసలో నిలబడి చిత్రీకరించాడు. కెమెరాను చేత్తో పట్టుకుని, మనిషితో పాటు కదలడం అక్కడే అలవాటైంది. బోరిస్‌ను సాగనంపడానికి వెరోనికా బస్సులో బయల్దేరే దృశ్యం చూడండి. కెమెరా బస్సులో ఆమె ముఖం పక్కనే ఉంటుంది. ఆమెతో పాటే దిగుతుంది, జనాన్ని తోసుకుంటూ వెళ్తుంది, ఉన్నట్టుండి క్రేన్ మీద పైకి లేస్తుంది. అప్పుడు కింద బారులుగా సాగే ట్యాంకుల మధ్య ఆమె ఒంటరిగా పరుగెడుతుంటుంది. మధ్యలో ఎక్కడా కోత లేదు. ఒక పిల్ల ఆత్రం ఎంతటిదో, దాని ముందు యుద్ధం ఎంతటిదో ఒకే షాట్‌లో తెలిసిపోతుంది. తీరా చేరేసరికి ఆలస్యమైపోతుంది. ఆమె విసిరిన బిస్కెట్ల పొట్లం సైనికుల బూట్ల కింద నలిగిపోతుంది. వీడ్కోలు మాట ఒక్కటీ లేదు.

బోరిస్ చావును చూపించిన తీరు నాకు ఇంకా గొప్పగా తోస్తుంది. సినిమా మొదట్లో అతను మెట్ల మీదుగా గిరగిరా పైకి పరుగెడతాడు, కెమెరా కూడా అతనితో పాటే లేస్తుంది. తర్వాత బురదనేలలో గుండు తగిలి పడిపోతున్నప్పుడు పైన బర్చ్ చెట్ల కొసలు తిరుగుతాయి. ఆ తిరుగుడులోనే అవే మెట్లు, జరగని పెళ్లి కనిపిస్తాయి.

అయితే ఈ చావు మనకే తెలుసు. ఇంటికి అందిన కబురు 'ఆచూకీ లేదు' అని మాత్రమే. ఆమె ఆశ వమ్ము అని తెలిసి కూడా సినిమా సగభాగం మనం ఆమె పక్కనే కూర్చోవాలి. ఇందులోని దుఃఖానికి అంత బరువు రావడానికి కారణం ఇదే.

పెళ్లి సంగతిలోనూ సినిమా ఆమె మీద తీర్పు చెప్పదు. బాంబుదాడిలో తల్లిదండ్రులు పోయారు. మరో దాడి రాత్రి బోరిస్ బంధువు మార్క్ ఆమెను బలవంతంగా లొంగదీసుకుంటాడు; తర్వాత ఆమె పెళ్లాడేది అతన్నే. ఆ రాత్రి పగిలిన గాజు పెంకుల మీద నడిచే మార్క్ అడుగుల నుంచి, బురదలో ఈడ్చుకుపోతున్న సైనికుల అడుగులకు కోత పడుతుంది. ఇంటి దగ్గరి గాయం, యుద్ధభూమి గాయం ఒకటేనని చెప్పడానికి ఆ ఒక్క కోత చాలు. కాచుకుని ఉండని ఆడవాళ్లకు క్షమాపణ లేదని ఆసుపత్రిలో బోరిస్ తండ్రే గర్జించినప్పుడు కెమెరా మళ్లీ వెరోనికా వెంట రైలు పట్టాల వైపు పరుగెడుతుంది. వెరోనికాగా నటించిన తాత్యానా సమోయిలొవా ముఖంలోని అలసట ఆ గర్జనకు జవాబు.

చివర స్టేషన్‌లో స్నేహితుడు స్తెపాన్ ఇచ్చే ప్రసంగం అప్పటి కాలం అడిగినది, నాకు అంతగా పట్టదు. ఆ మాటల కింద, బోరిస్ కోసం తెచ్చిన పూలను ఆమె ఎవరెవరికో పంచిపెట్టడమే నాకు ముఖ్యం. 1958లో కాన్స్ చిత్రోత్సవంలో ఈ సినిమాకు పామ్ డి ఓర్ దక్కింది. ఇదే దారిలో 1959లో మరో సోవియట్ దర్శకుడు చుఖ్రాయ్ తన 'బ్యాలడ్ ఆఫ్ ఎ సోల్జర్' కథను, కుర్రవాడు తిరిగి రాడని మొదట్లోనే చెప్పేసి మొదలుపెట్టాడు. ఆపైన ఆ పంతొమ్మిదేళ్ల వాడు తల్లిని చూడటానికి చేసే ప్రయాణం మొత్తాన్ని మనం ఆ సంగతి తెలిసే చూస్తాం.