క్యానులా తీయని అరగంట

స్కాన్ అయిపోయి బల్ల దిగిన మనిషి మొదట అడిగేది, చేతికున్న సూది, అదే క్యానులా, ఎప్పుడు తీస్తారని. అనుభవమున్న సిస్టర్ తీయదు. "కాసేపు ఉండనీయండమ్మా, ఇక్కడే కూర్చోండి" అని తన కళ్లెదురుగా ఉన్న కుర్చీ చూపిస్తుంది. సీటీలో ఎక్కించే అయోడిన్ డై ఒంటికి పడకపోతే ఆ సంగతి చాలామందిలో మొదటి ఇరవై నిమిషాల్లోనే బయటపడుతుంది. బీపీ పడిపోయాక నరాలు అణిగిపోయి కొత్త సూదికి దొరకవు. అందుకే అరగంట పాటు ఆ దారిని తెరిచే ఉంచుతారు. బయట వరుస పెరుగుతుంటే, బాగానే కనిపిస్తున్న మనిషి కోసం ఒక కుర్చీని ఖాళీ చేయకుండా ఉంచడం తేలిక కాదు. ఈ పనిలో నాకు మొదట నచ్చింది అదే.

ఆ అరగంటలో ఆమె ఊరికే చూస్తున్నట్టుంటుంది. డై నరంలోకి వెళ్తున్నప్పుడు ఒళ్లంతా వేడెక్కడం, నోట్లో ఇనుము నాకినట్టుండటం, మూత్రం పోయిందేమోనని కంగారు పుట్టడం ఎలర్జీ కావు. అవి మందు గుణం, కాసేపట్లో పోతాయి. మంచి టెక్నీషియన్ వీటిని డై వదలకముందే చెప్పేస్తాడు. చెప్పకపోతే రోగి బెదిరి కదులుతాడు, బొమ్మ చెడుతుంది. పోకుండా మిగిలేవాటి మీదే సిస్టర్ చూపంతా. అరిచేతులు గోక్కోవడం, ఆగని తుమ్ములు, పొడి దగ్గు, కనురెప్పల మీద ఉబ్బు. చేతి మీద నాలుగు దద్దుర్లు లేస్తే చొక్కా ఎత్తి పొట్ట, వీపు కూడా చూస్తుంది. "ఏ ఊరండీ మీది, తోడు ఎవరొచ్చారు?" అని మాటల్లో పెడుతుంది. గొంతు బొంగురుపోతోందా, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తోందా అన్నది ఆ కబుర్లలోనే తేలిపోతుంది.

కళ్లు తిరిగి వాలిపోతే వేళ్లు ముందు నాడి మీదకు వెళ్తాయి. సూది భయంతో సొమ్మసిల్లిన మనిషికి నాడి నెమ్మదిస్తుంది. ఎలర్జీతో బీపీ పడిన మనిషికి సాధారణంగా పరుగెడుతుంది. చికిత్సలు వేరు కాబట్టి ఈ తేడా అక్కడికక్కడే తేలాలి. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లలో ఆ పరుగు కనిపించకపోవచ్చు, అడ్రినలిన్ కూడా సరిగా పట్టకపోవచ్చు. ముందే "బీపీ బిళ్లలు ఏం వాడుతున్నారు, చీటీ ఉందా" అని గుచ్చి గుచ్చి అడగడం అందుకే.

మన దగ్గర ఇంకా పోని అలవాటు ఒకటుంది. రియాక్షన్ అనగానే చెయ్యి ఎవిల్ వైపు, హైడ్రోకార్టిసోన్ వైపు వెళ్తుంది. ఎవిల్ దురద తగ్గిస్తుంది. హైడ్రోకార్టిసోన్ స్టెరాయిడ్, అది పనిచేయడానికి గంటలు పడుతుంది. గొంతు మూసుకుపోతున్నప్పుడు, బీపీ జారిపోతున్నప్పుడు ముందు ఇవ్వాల్సింది అడ్రినలిన్. ఆంప్యూల్ ఒక మిల్లీలీటరు, అందులో ఒక మిల్లీగ్రాము మందు. పెద్దవాళ్లకు 0.3 నుంచి 0.5 మిల్లీగ్రాములు, తొడ మధ్యలో బయటివైపు కండలోకి, తప్పకపోతే బట్ట మీదుగానే. భుజం కంటే తొడ నుంచి మందు త్వరగా రక్తంలో కలుస్తుంది. క్యానులా ఎలాగూ ఉంది కదా అని ఆ చిక్కటి మందునే నరంలోకి తోసేస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. క్యానులా సెలైన్ కోసం. పద్ధతిగా నడిచే గదిలో ఆంప్యూల్, చిన్న సిరంజి, తొడకు సరిపడే సూది ఒకే కవర్లో ఉంటాయి, కవరు మీద మోతాదు పెద్దక్షరాల్లో ఉంటుంది. చేతులు వణికే వేళ ఎవరూ లెక్కలు వేయక్కర్లేదు. ఐదు నిమిషాలకు తగ్గకపోతే రెండో మోతాదు. ఆక్సిజన్ మాస్క్, పిల్లికూతలుంటే సాల్బుటమాల్, కాళ్లు ఎత్తిపెట్టడం పక్కనే సాగుతుంటాయి.

ఈలోగా తోడొచ్చినవాళ్లు పరిగెత్తుకొచ్చి, ప్రేమకొద్దీ మనిషిని లేపి కూర్చోబెట్టి నీళ్లు పట్టబోతారు. సిస్టర్ గట్టిగానే ఆపుతుంది. రక్తనాళాలు వదులై రక్తమంతా కిందికి జారివున్న సమయంలో ఒక్కసారిగా లేపితే గుండెకు చేరే రక్తమే ఉండదు. అలా లేచి ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఆయాసం మరీ ఎక్కువైతే తలవైపు కాస్త ఎత్తుతారు, నిలబెట్టరు.

అడ్రినలిన్ ప్రభావం త్వరగానే దిగిపోతుంది. కొందరిలో గంటల తర్వాత రియాక్షన్ మళ్లీ తిరగబెడుతుంది. "బానే ఉన్నాను, బస్సు పోతుంది" అనే మనిషిని కూడా గట్టి రియాక్షన్ తర్వాత గంటల తరబడి ఉంచేది ఇందుకే. రియాక్షన్ మొదలయ్యాక గంట నుంచి రెండు గంటల మధ్య రక్తం తీసి ట్రిప్టేజ్ పరీక్షకు పంపి, ఒక రోజు గడిచాక మరోసారి తీస్తే, అది నిజంగా ఎలర్జీ జాతి రియాక్షనేనా అన్నదానికి ఆధారం దొరుకుతుంది. కొందరికి వారం లోపు ఎప్పుడైనా ఒంటి మీద పొక్కు లేవచ్చు. ఆ మాట ఇంటికెళ్లేముందే చెప్పాలి.

ఇంతటి రియాక్షన్లు ఇప్పుడు అరుదయ్యాయంటే మాల్మోకు చెందిన స్వీడన్ రేడియాలజిస్టు టోర్స్టన్ ఆల్మెన్‌ను తలుచుకోవాలి. డై ఎక్కించినప్పుడు రోగులు పడే బాధ చూసి, రక్తంలో అయాన్లుగా విడిపోని డై తయారుచేయవచ్చని 1960ల చివర్లో ఆయన ఊహించాడు. నార్వే కంపెనీ నైగార్డ్ దాన్ని నిజం చేసింది. ఇప్పటికీ విరివిగా వాడే అయోహెక్సాల్ 1980ల మొదట్లో ఆ దారిలోనే వచ్చింది. 1990లో జపాన్ నుంచి కటయామా బృందం 3,37,647 కేసుల లెక్క ప్రచురించింది: తీవ్రమైన రియాక్షన్లు పాత డైతో 0.22 శాతం, కొత్తదానితో 0.04 శాతం. ఆ 0.04 శాతంలో ఎవరుంటారో ముందు తెలియదు. ఎన్నడూ డై ఎక్కనివాళ్లకూ రావచ్చు, ఎందుకంటే యాంటీబాడీలు లేకపోయినా ఎలర్జీ రసాయనాలు వదిలే మాస్ట్ కణాలను డై నేరుగా రెచ్చగొట్టగలదు. చుక్క వేసి చూసే టెస్ట్ డోస్ దేన్నీ ముందుగా చెప్పదు.

అన్నిటికంటే నేను మెచ్చుకునేది ఆఖర్న రాసే చీటీని. చాలా డిశ్చార్జి కాగితాల మీద "అయోడిన్ ఎలర్జీ" అని రెండే మాటలుంటాయి. అయోడిన్ మన వంట ఉప్పులో ఉంది, థైరాయిడ్ హార్మోన్‌లో ఉంది. పడనిది అది కాదు, డై అణువు. రొయ్యలు పడనివాళ్లకు డై పడదన్న భయం కూడా దీని తోబుట్టువే. రొయ్యలు పడకపోవడానికి కారణం రొయ్య కండలోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను, దానికీ డైకీ సంబంధం లేదు. చేయి తిరిగినవాళ్ల చీటీలో డై అసలు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని నిమిషాలకు ఏం కనిపించింది, ఏ మందుకు ఎంతలో తగ్గింది అని ఉంటుంది. ఆ పేరు లేకపోతే తర్వాతి డాక్టర్ డై మొత్తానికే భయపడి ఉత్త స్కాన్ తీయిస్తాడు, కాలేయంలో చిన్న గడ్డ కనపడకుండా పోవచ్చు. పేరుంటే వేరే డై ఎంచుకుంటాడు. ఒకటి నుంచి ఆరు నెలల లోపు ఎలర్జీ నిపుణుల దగ్గర చర్మ పరీక్ష చేయించుకుంటే ఏది పడవచ్చో కొంత తెలుస్తుంది కూడా.

మళ్లీ స్కాన్ కావాల్సి వస్తే ముందుగా స్టెరాయిడ్ ఇవ్వాలా అన్నదాని మీద పెద్దలే ఏకమాట మీద లేరు. అమెరికాలో 13, 7, 1 గంటల ముందు ప్రెడ్నిసోన్ 50 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చే పద్ధతి చాలాకాలంగా నడుస్తోంది. యూరప్ మార్గదర్శకాలు దానికి ఆధారం చాలదని, డై మార్చడమే మేలని అంటాయి. మందులు వేసుకొచ్చినా రియాక్షన్ రావచ్చన్న విషయంలో మాత్రం ఇద్దరికీ తగువు లేదు. ఆ రోగి బల్ల ఎక్కకముందే సిస్టర్ ఆ అడ్రినలిన్ కవరు ట్రేలో ఉందో లేదో చూసుకుని, డాక్టరు గారు పక్క గదిలో కాదు, ఇక్కడే ఉండాలని కబురు పెడుతుంది.