హాజరుపట్టీలో ఏ పేరు?

కృష్ణా మెట్టలో, నందిగామ దగ్గరి రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం తీసుకున్న సంగతి మిషన్ చరిత్రల కెక్కింది. ఆ వెనకే మాలపల్లెలకు బడి వచ్చింది, ఆడపిల్ల చేతికి పలక వచ్చింది. కాదనను. కానీ మిషన్ బడుల జూబిలీ సంచికలు నేను ఎప్పుడు తిరగేసినా భవనాలు, దాతలు, ఉత్తీర్ణతా శాతాలే. హాస్టల్ పిల్ల గ్రూపు ఫోటోలో మాత్రం ఉంటుంది.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులు ఎస్సీలు కారు. ఆంధ్రలో బీసీ-సి కింద వాళ్లకున్నది ఒక్క శాతం. అందుకే ఎన్నో ఇళ్లల్లో ప్రార్థనకొక పేరు, సర్టిఫికెట్‌కొక పేరు. పదమూడేళ్ల పిల్ల పొద్దున్నే అబద్ధమాడరాదన్న ఆజ్ఞ వల్లించి, తొమ్మిదింటికి ఇంకో పేరుకి పలుకుతుంది. ఆ నలుగుబాటుతో ముభావంగా ఉంటే, ప్రార్థన చేసుకోమంటారు.

మన స్త్రీవాద విమర్శ కూడా (నా కోపం ఎక్కువ దీనిమీదే) మిషన్ బడిని విముక్తి అనో, మతమార్పిడి అనో తేల్చేసి ఊరుకుంటోంది. ఎం.ఎం. వినోదిని కథలు దళిత క్రైస్తవ స్త్రీల ఇళ్లల్లోకి నడిపించాయి. ట్రంకుపెట్టెల మధ్య పడుకున్న ఆ పిల్లలు రాత్రిళ్లు ఒకర్నొకరు ఏ పేరుతో పిలుచుకుంటున్నారో మనం ఇంకా వినలేదు.