సూదికి ముందు, సూది తర్వాత

రక్తం తీసేవాళ్ల పనితనాన్ని జనం ఒక్క గుచ్చుతో కొలుస్తారు. మొదటిసారికే నరం దొరికితే మంచి చెయ్యి, లేకపోతే కాదు. పసుపు తవ్వి ఉడకబెట్టే రోజుల్లో ఆర్మూర్‌లో ఆ కొలత నెగ్గడమూ తేలిక కాదు. కూలికెళ్లే ఆడవాళ్ల అరచేతులకు పసుపు పట్టి ఉంటుంది; రక్తం తక్కువైతే అరచెయ్యి పాలిపోతుందన్న గుర్తు అక్కడ అక్కరకు రాదు. ఎండకు కమిలిన మోచేతి మడతలో నరం కంటికి ఆనదు. వేలి కొసతోనే వెతకాలి. నొక్కితే మెత్తగా దిగి, వదలగానే పైకి లేచేది సిర. కొట్టుకునేది ధమని, దాని జోలికి పోకూడదు.

గర్భిణి చెయ్యి అయితే ఇంకొంచెం నేర్పు కావాలి. తొలి నెలల్లో వాంతులతో ఒంట్లో నీరు తగ్గి సిర దాక్కుంటుంది. చివరి నెలల్లో వెల్లకిలా పడుకోబెడితే గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడి కళ్లు తిరుగుతాయి. ఎడమ పక్కకు ఒరగబెట్టి తీయడం అనుభవం ఉన్న చేతి లక్షణం.

నాకు అంతకంటే ముచ్చటగా తోచేది సూదికి ముందూ వెనకా జరిగే పని. ఎర్ర మూత గొట్టం ముందు నింపాలి, ఊదా మూతది ఆ తర్వాత. వరుస తప్పి ఊదా గొట్టంలోని మందు రవ్వంత ఎర్రదాంట్లో పడినా పొటాషియం పెరిగినట్టు, కాల్షియం తగ్గినట్టు లెక్క వస్తుంది. ఊదా గొట్టాన్ని ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలి, ఊపకూడదు. ఊపితే కణాలు చిట్లుతాయి. 2018లో హైదరాబాద్‌లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2021లో జిల్లాలకు వచ్చాక, ఊళ్లో పీహెచ్‌సీలో తీసిన రక్తం బండెక్కి జిల్లా ల్యాబ్‌కు పోతోంది. పరీక్ష చేసేవారు ఆ మనిషిని చూడరు, లేబుల్‌నే నమ్ముతారు. అందుకే “నువ్వు లక్ష్మివేనా?” అనకూడదు, “నీ పేరేందక్కా?” అనాలి. ప్రతి నెలా 9న, 2016 నుంచి, సర్కారు దవాఖానల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. ఆ రద్దీలో అలసిన మనిషి ఏ పేరుకైనా “ఆ” అనేస్తుంది.

ఇప్పుడు ఈ కొలువుకు కొత్తగా వచ్చి చేరింది కాలం లెక్క. గర్భంలో షుగర్ చూడాలంటే 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్లలో తాగించి, సరిగ్గా రెండు గంటలకు రక్తం చూడాలి. 140 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే జాగ్రత్త పడాలి. తాగిన అరగంటలోపు వాంతయితే మర్నాడు మళ్లీ మొదలు. అంటే రక్తం తీసే మనిషే ఆ రెండు గంటలూ ఆమెను కనిపెట్టుకుని ఉండాలి. బిడ్డలో క్రోమోజోము లోపాల ముప్పు చూసే డబుల్ మార్కర్‌కు గడువు 11 వారాల నుంచి 13 వారాల 6 రోజులు. సంతానం కోసం తిరిగే ఆమెకు ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోను నెలసరి రెండో రోజో మూడో రోజో చూడాలి. 1997లో శాస్త్రవేత్త డెన్నిస్ లో బృందం తల్లి రక్తంలో శిశువు డీఎన్‌ఏ కూడా తిరుగుతుందని చూపించింది. దాని ఆధారంగా వచ్చిన పరీక్షకు గొట్టమే వేరు. మామూలుదాంట్లో తీసి దూరం పంపితే దారిలో తల్లి తెల్లకణాలు పగిలి, వాటి డీఎన్‌ఏలో బిడ్డది మునిగిపోతుంది.

ఇన్ని జాగ్రత్తలూ పడ్డాక కూడా ఫారంలో వారాలు తప్పు రాస్తే అంతా వృథా. “ఆఖరుసారి ఎప్పుడు ముట్టయినవక్కా?” అన్న ప్రశ్నకు జవాబు అత్తముందు ఒకలా, ఒంటరిగా ఒకలా వస్తుంది. హెచ్‌ఐవీ పరీక్ష సంగతి పదిమంది వింటుండగా ఎత్తనే కూడదు. ల్యాబ్ టెక్నీషియన్లయ్యే రెండేళ్ల డీఎంఎల్‌టీ చదువులో రబ్బరు చెయ్యి మీద గుచ్చడం ఎన్నిసార్లయినా సాధన చేయవచ్చు. ఇలాంటివి అడిగేటప్పుడు గొంతు తగ్గించడం మాత్రం సీనియర్ పక్కన నిలబడి విని నేర్చుకోవాల్సిందే. నన్నడిగితే, శిక్షణకొచ్చిన పిల్లలకు మొదటి వారం సూది ఇవ్వకుండా ప్రశ్నలే అప్పగించాలి.

అడగడమే కాదు, చెప్పకపోవడమూ నేర్పాలి. తల్లి రక్తంతో బిడ్డ ఆడో మగో తెలుసుకోగల కాలం ఇది. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కిందికి గర్భిణి రక్తపరీక్షా వస్తుంది. గొట్టం వంక చూస్తూ ఏ ముసలామైనా ఆరా తీస్తే కోపగించుకోనక్కర్లేదు. “అది చెప్తే జైలే పెద్దమ్మా, జర బయట కూసో” అని, తలుపు దగ్గరికేసి, కోడలి ఫారం మళ్లీ మొదటి గడి నుంచి నింపుకోవచ్చు.