పాత రేంజ్‌ఫైండర్ కెమేరా: మన ముఖాలకు ఏది నప్పుతుంది?

ఫిలిం కెమేరాల మీద మళ్ళీ మోజు పుట్టింది. మన క్లాంగ్ కుటుంబాలలోని చదువుకున్న పిల్లలు కూడా పాత జపాను కెమేరాల కోసం వెతుకుతున్నారు. సంతోషమే. కాని వారి ప్రశ్నలన్నీ లెన్సు ఎంత పెద్దది, పేరు ఎంత గొప్పది అన్నంతవరకే ఆగిపోతున్నాయి. అడగవలసినవి వేరే రెండున్నాయి. ఇది మన ముఖాలను సరిగా చూపగలదా? మన తేమకు చెడకుండా మిగిలిందా?

లెన్సు విప్పడానికి వీలులేకుండా బిగించి ఉండి, కిటికీలో కనిపించే రెండు బొమ్మలను ఒకటి చేసి దూరం సరిచూసుకునే కెమేరాలివి. 1960, 70 దశకాలలో మధ్యతరగతి సంసారుల కోసం తయారయినవి. షట్టరు లెన్సులోనే ఉంటుంది గనుక చప్పుడు బహు స్వల్పం. జీలకర్ర బెల్లం వేళ పక్కనే నిలబడి నొక్కినా పురోహితుడు తల తిప్పడు.

వీటిలో ఎక్కువగా వినవచ్చే పేర్లు మూడు: యాషికా ఎలక్ట్రో 35 (1966), ఒలింపస్ 35 ఎస్‌పి (1969), మన రేవు పోర్ట్ స్వెట్టెన్‌హామ్ అన్న పేరు మాని పోర్ట్ క్లాంగ్ అయిన 1972లోనే వచ్చిన కానొనెట్ క్యూఎల్ 17 జి-3. లెన్సులు వరుసగా 45, 42, 40 మిల్లీమీటర్లవి. మూడూ ఎఫ్ 1.7వే. ఇంటి ఆల్బములో వాటి తేడా కనిపెట్టడం కష్టం. అసలు తేడా వెలుతురును లెక్కగట్టే తీరులో ఉన్నది.

మామూలు మీటరు ఎదుటి దృశ్యమంతా మధ్యరకం బూడిదరంగని తలచి లెక్కవేస్తుంది. ఇక మన పెళ్ళి చూడండి: తెల్లని పంచె, తెల్లని గోడ, తెరిచిన తలుపులోంచి మండే ఎండ, నడుమ ఒక చామనచాయ ముఖం. మీటరు తెలుపును చూసి వెలుతురు తగ్గిస్తుంది. పంచె మడతలు వస్తాయి, ముఖం రాదు. రంగు ప్రింట్లు సరిచూసుకోమని కొడాక్ వారు లాబొరేటరీలకు పంపిన నమూనా బొమ్మలో సైతం చాలా ఏళ్ళ పాటు ఉన్నది తెల్లజాతి స్త్రీయే. ఈ రేవులో దిగి తోటలకు పోయిన తరం వారి ఫొటోలు మన ఇళ్ళలో ఒకటో రెండో ఉంటాయి. ఇప్పుడున్న పెద్దలనైనా నల్లని నీడలుగా మిగల్చకూడదు.

ఈ గీటురాయి మీద చూస్తే ఎలక్ట్రో మొండిది. అపర్చరు మనం పెడితే షట్టరు వేగం అదే నిర్ణయిస్తుంది, ఎంతో చెప్పదు. ఫిలిం వేగపు చక్రాన్ని 400 నుంచి 200కు తిప్పి మభ్యపెట్టడమొక్కటే దారి. బ్యాటరీ అయిపోతే సెకనులో 500వ వంతు తప్ప వేరే వేగం లేదు. అయితే దీపారాధన వెలుగులో, స్టాండు మీద పెట్టి తీసే బొమ్మకు ఇది చక్కగా పనికివస్తుంది.

కానొనెట్ మాట వింటుంది. వేగం మనది, అపర్చరు దానిది. ముఖానికి దగ్గరగా వెళ్ళి మీట సగం నొక్కి పడితే ఆ లెక్క నిలిచిపోతుంది. అలాగే వెనక్కు వచ్చి తీయవచ్చు. బ్యాటరీ లేకున్నా చేతి లెక్కతో నడుస్తుంది.

ఒలింపస్‌కు వెనుక ఒక చిన్న బొత్తాం ఉంది. దానిని నొక్కితే మీటరు దృశ్యం నడుమనున్న కొద్ది భాగాన్నే చూస్తుంది. దాన్ని పెళ్ళికూతురి చెంప మీదికి గురిపెడితే చాలు. వెలుతురు కాస్త ఎక్కువైనా నెగటివ్ ఫిలిం ఓర్చుకుంటుంది. నా దృష్టిలో మొదటి స్థానం దీనిదే.

కాని సముద్రపు తేమ ఏ తీర్పునైనా తారుమారు చేయగలదు. కొనేముందు వెనుక తలుపు తెరిచి, షట్టరు బి మీద, అపర్చరు పూర్తిగా తెరిచి, మీట నొక్కి ఉంచి లెన్సు గుండా టార్చి వేసి చూడండి. సాలెగూటి పోగుల వంటివి కనిపిస్తే వదిలేయండి. బూజు అద్దం పూతనే తినేస్తుంది. కానొనెట్‌లో షట్టరు రేకులు నూనె అంటి అతుక్కుపోయాయేమో చూడాలి. ఎలక్ట్రోలో ఫిలిం తిప్పే మీట లాగినప్పుడు లోపల చిన్న ‘టక్’ వినబడాలి. లేకుంటే లోపలి రబ్బరు ముక్క అరిగిపోయినట్లే. తలుపు అంచుల స్పాంజి జిగటగా మారిందని మాత్రం భయపడనక్కరలేదు, అది మార్చుకోవచ్చు.

కానొనెట్‌కూ ఒలింపస్‌కూ నాడు వేసిన 1.35 వోల్టుల పాదరసం బిల్లలు నేడు దొరకవు. చెవి మిషనుకు వాడే 1.4 వోల్టుల బిల్లను చిన్న రింగుతో అమర్చుకుంటే లెక్క దాదాపు సరిపోతుంది. కొన్న తరువాత తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచవద్దు. గాలి చొరని డబ్బాలో సిలికా గుళికలతో ఉంచండి.

బూజు పట్టిన ఒలింపస్ కన్న శుభ్రమైన కానొనెట్ మేలు. పేరుకు అదనంగా ఒక్క రింగిట్టు కూడా ఇవ్వకండి. మొదటి రీలు పువ్వుల మీద కాదు, ఇంట్లోని పెద్దవాళ్ళ మీద ఖర్చు పెట్టండి.